అక్షింతల పురుగుల సాంబా: ఒక పాట పెళ్లి జ్ఞాపకాలను ఎలా తెరుస్తుంది?

జపాన్‌లో అరవై, డెబ్బై ఏళ్ల వాళ్లు నలుగురు కూర్చున్నచోట ‘తెన్తోముషి నో సాంబా’ అనే పాట పెడితే మాటలు పెళ్లిళ్ల మీదికి మళ్లడం ఖాయం. ‘చెరిష్’ అనే గాయక బృందం 1973లో విడుదల చేసిన హుషారైన పాప్ పాట ఇది. అడవిలోని ఓ చిన్న చర్చిలో ఒక జంట పెళ్లి చేసుకుంటుంది. పక్షులు పాడతాయి. రంగురంగుల దుస్తులు తొడుక్కున్న బుల్లి పురుగులు పిలవకుండానే ముందుకొచ్చి సాంబా ఆడటం మొదలుపెడతాయి. పాటలోని కథ ఇంతే.

ఆ పురుగు మనకూ తెలిసిందే. ఎర్రటి గుండ్రటి వీపు మీద నల్లచుక్కలతో పైరు మీద తిరుగుతుంది, పేనుబంకను తిని రైతుకు మేలు చేస్తుంది. జపాన్ భాషలో దీని పేరుకు ‘సూర్యుడి పురుగు’ అని అర్థం చెబుతారు. కొమ్మ చివరిదాకా ఎక్కి ఎండకేసి ఎగురుతుంది కాబట్టి ఆ పేరు వచ్చిందట. తెలుగులో దీన్ని అక్షింతల పురుగు అంటాం. జపాన్ పెళ్లిపాటలో ఆడే పురుగుకు తెలుగులో పెళ్లి అక్షింతల పేరు ఉండటం వింతైన కాకతాళీయం.

పాట వచ్చిన కొద్ది కాలానికే అది పెళ్లి విందుల్లోకి చేరింది. వధూవరుల స్నేహితులో, ఆఫీసు సహోద్యోగులో మైకు పట్టుకుని పాడేవారు. మిగతావారు చప్పట్లతో తాళం వేస్తూ కొత్త జంటను ఆటపట్టించేవారు. అంతకుముందు జపాన్‌లో పెళ్లిపాట అంటే పెద్దలు గంభీరంగా ఆలపించే ‘తకసాగో’ గుర్తొచ్చేది. అది శతాబ్దాల నాటి నో నాటకంలోని భాగం. దాని పక్కన ఈ పురుగుల సాంబా కుర్రకారు అల్లరిలా వచ్చి నిలబడిపోయింది. పాట పాడిన ఇద్దరూ 1977లో నిజంగానే పెళ్లి చేసుకోవడంతో దానికి మరింత పెళ్లికళ వచ్చింది.

ఇప్పుడు సైన్సు ప్రశ్న. రెండు మూడు నిమిషాల పాట ఒకటి నలభై, యాభై ఏళ్ల కిందటి రోజును ఎలా పైకి తీసుకొస్తుంది? ఇంకో చిక్కు కూడా ఉంది. వందల పెళ్లిళ్లలో పాడిన పాట ఇది. వినగానే మెదడు ఆ పెళ్లిళ్లలో దేన్ని గుర్తు తెచ్చుకోవాలి?

సెకనులో మూడోవంతు లోపే

మొదట చెవి సంగతి చూద్దాం. పాట అంటే గాలిలో ఒత్తిడి పెరుగుతూ తగ్గుతూ వచ్చే అలలు. అవి కర్ణభేరిని కదిలిస్తాయి. మూడు చిన్న ఎముకలు ఆ కదలికను లోపలి చెవిలోని కాక్లియాకు అందిస్తాయి. నత్తగుల్లలా చుట్టుకుని ఉండే కాక్లియాను సాగదీస్తే సుమారు 35 మిల్లీమీటర్ల పొడవు ఉంటుంది. అందులోని పొర ఒక చివర హెచ్చు పౌనఃపున్యాలకు, రెండో చివర తగ్గు పౌనఃపున్యాలకు స్పందిస్తుంది. గాయని గొంతు, గిటారు, డోలు మోత కలగలిసి వచ్చినా కాక్లియా వాటిని పౌనఃపున్యాలవారీగా విడదీసి నాడీ సంకేతాలుగా మారుస్తుంది.

ఆ సంకేతాలు మెదడులోని శ్రవణ భాగాలకు చేరాక గుర్తుపట్టడం ఆశ్చర్యకరమైన వేగంతో జరుగుతుంది. లండన్‌లోని యూనివర్సిటీ కాలేజ్ పరిశోధకులు 2019లో దీన్ని కొలిచారు. బాగా తెలిసిన పాట ముక్కను, తెలియని పాట ముక్కను వినిపిస్తూ కంటిపాప విప్పారడాన్ని, మెదడులోని విద్యుత్ తరంగాలను నమోదు చేశారు. తెలిసిన పాటకు శరీరం 0.1 నుంచి 0.3 సెకన్ల లోపే వేరుగా స్పందించింది. ‘ఇది ఫలానా పాట’ అని నోటితో చెప్పేలోపే కంటిపాప ఆ మాట చెప్పేసిందన్నమాట.

అయితే పాటను గుర్తుపట్టడం వేరు, పాటతో పాటు ఒక రోజు గుర్తుకు రావడం వేరు. మన కథ అంతా ఈ రెండో దానిలోనే ఉంది.

జ్ఞాపకం రికార్డు కాదు

జ్ఞాపకం మెదడులో వీడియోలా ఒకచోట దాచి ఉంటుందని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. పెళ్లిరోజున చూసిన రంగులు ఒకచోట, విన్న శబ్దాలు మరోచోట, కలిగిన సంతోషం, బెరుకు ఇంకోచోట నమోదవుతాయి. వీటన్నిటినీ ‘ఇవి ఒకే సంఘటనకు చెందినవి’ అని ముడివేసే పనిలో హిప్పోకాంపస్ అనే భాగానిది ముఖ్యపాత్ర. తర్వాత ఎప్పుడైనా ఆ ముక్కల్లో ఒకటి ఎదురైతే హిప్పోకాంపస్ సాయంతో మిగతావి కూడా మేల్కొంటాయి. దండలోని ఒక పువ్వు పట్టి లాగితే దండంతా కదిలినట్టు.

పాట అలా లాగడానికి బాగా పనికొచ్చే పువ్వు. అమెరికాలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ క్యాంపస్‌కు చెందిన పీటర్ జనాటా 2009లో చేసిన ప్రయోగం ఈ రంగంలో ప్రసిద్ధం. 13 మంది విద్యార్థులను స్కానర్‌లో పడుకోబెట్టి, వారికి 8 నుంచి 18 ఏళ్ల వయసు ఉన్నప్పుడు ప్రాచుర్యంలో ఉన్న పాటల నుంచి 30 సెకన్ల ముక్కలు 30 వినిపించారు. సగటున ఒక్కొక్కరు 17 పాటలను గుర్తుపట్టారు. వాటిలో 13 పాటలకు సొంత జీవితంతో ఓ మోస్తరు లేదా గట్టి ముడి ఉంది. జ్ఞాపకం ఎంత బలంగా వస్తే, నుదుటి వెనక ఉండే మీడియల్ ప్రీఫ్రాంటల్ కార్టెక్స్ పైభాగం అంత చురుగ్గా పనిచేసింది. మన గురించి మనం ఆలోచించుకునేటప్పుడు పనిచేసే భాగం కూడా అదే. సంగీతం, ఆత్మకథ అక్కడ కలుసుకుంటున్నాయని జనాటా వివరించారు.

ముఖాల ఫొటోల కంటే పాటలు మెరుగ్గా పనిచేస్తాయా? అయోవా విశ్వవిద్యాలయం పరిశోధకులు 2016లో ఈ రెంటినీ పోల్చారు. ప్రసిద్ధుల ముఖాలు రేపిన జ్ఞాపకాల కంటే పాటలు రేపిన జ్ఞాపకాల్లో చూసినవి, విన్నవి, తాకినవి వంటి ఇంద్రియానుభవాల వివరాలు ఎక్కువగా కనిపించాయి.

ఒకే తాళంచెవి, వంద తాళాలు

ఈ పాట విడుదలైన 1973లోనే జ్ఞాపకశక్తి పరిశోధనలో ఒక కీలకమైన వ్యాసం వెలువడింది. ఎండెల్ టుల్వింగ్, డొనాల్డ్ థామ్సన్ రాసిన ఆ వ్యాసం సారాంశం ఇది: ఒక విషయం మనసులో పడే సమయంలో దాంతో పాటు నమోదైన సంకేతమే, తర్వాత ఆ విషయాన్ని వెలికితీయడానికి బాగా పనిచేస్తుంది. పెళ్లిలో విన్న పాట పెళ్లిని గుర్తుచేయడానికి మూలకారణం ఇదే. పాట తాళంచెవి, ఆ రోజు తాళం.

రెండేళ్ల తర్వాత, 1975లో, ఇంకో సూత్రం వచ్చింది. ఓల్గా వాట్కిన్స్, మైఖేల్ వాట్కిన్స్ దాన్ని ‘సంకేతంపై అధికభారం’ అనే అర్థం వచ్చే పేరుతో ప్రతిపాదించారు. ఒక సంకేతానికి ఎన్ని ఎక్కువ విషయాలు ముడిపడితే, వాటిలో ఒక్కొక్కదాన్ని వెలికితీయడంలో అది అంత బలహీనపడుతుంది. ఒకే తాళంచెవికి వంద తాళాలుంటే ఏది తెరుచుకోవాలో తేలదు.

ఇక్కడే అక్షింతల పురుగుల సాంబా విలువైన ఉదాహరణ అవుతుంది. ఏడాదికి నాలుగైదు పెళ్లి విందులకు వెళ్లి, ప్రతిచోటా ఈ పాట విన్న మనిషికి అది ఒక ఫలానా పెళ్లిని గుర్తుచేయడం కష్టం. అతనికి గుర్తొచ్చేది ‘పెళ్లి’ అనే సాధారణ చిత్రం: గుండ్రటి బల్లలు, పూలు, మైకు ముందు తడబడే స్నేహితుడు, చప్పట్లు. టుల్వింగ్ 1972లోనే జ్ఞాపకాన్ని రెండు రకాలుగా విడదీశారు. ఫలానా రోజు ఫలానా చోట నాకు జరిగింది అనేది సంఘటనల జ్ఞాపకం. లోకం ఇలా ఉంటుంది అనే తెలివిడి పరిజ్ఞాన జ్ఞాపకం. అనేక పెళ్లిళ్లలో విన్న పాట మెల్లగా మొదటి గదిలోంచి రెండో గదిలోకి జారుతుంది.

మన పెళ్లిళ్లలోనూ ఇదే తేడా చూడొచ్చు. మాంగల్యధారణ వేళ మోగే గట్టిమేళం వింటే ఎవరికైనా పెళ్లి అని తెలిసిపోతుంది, కానీ ఎవరి పెళ్లి అని తెలియదు. 1961 నాటి ‘సీతారామ కల్యాణం’ చిత్రంలో పి. సుశీల పాడిన కల్యాణ గీతం కూడా అంతే. ఎన్ని కల్యాణ మండపాల్లో విన్నామో లెక్కలేదు. అదే మీ పెళ్లికి ముందురోజు రాత్రి, మామిడాకుల తోరణాలు కడుతూ, పక్కింటి రేడియోలో అనుకోకుండా విన్న పాట ఒకటి ఉంటే, దానికి పెళ్లితో అర్థపరంగా ఏ సంబంధం లేకపోయినా, ఆ రాత్రి మొత్తాన్ని అదే తీసుకొస్తుంది. ఆ చెవికి తాళం ఒక్కటే.

మరి ఈ సాంబా విని తమ సొంత పెళ్లినే గుర్తుచేసుకునే జపాన్ దంపతుల మాటేమిటి? వారికి పాట ఒక్కటే సంకేతం కాదు. ఆ రోజు పాడిన స్నేహితురాలు ఏ చరణంలో తాళం తప్పిందో, ఎవరు నవ్వాపుకోలేకపోయారో వంటి వివరాలు పాటకు అంటుకుని ఉంటాయి. అందరిదైన పాటకు అలాంటి చిన్న తేడా ఒకటి తోడైతే అది మళ్లీ ఒకరి సొంతం అవుతుంది. సరిగ్గా పాడిన పాట కంటే తప్పుగా పాడిన పాట గుర్తుండిపోవడానికి ఇది ఒక కారణం కావచ్చు.

ఎందుకు ఆ వయసు పాటలే?

వయసు మళ్లిన వారిని జీవితంలోని ముఖ్య సంఘటనలు చెప్పమని అడిగి, అవి ఏ వయసులో జరిగాయో గ్రాఫు గీస్తే ఒకచోట ఎద్దు మూపురంలా ఎత్తుగా లేస్తుంది. సుమారు 10 నుంచి 30 ఏళ్ల వయసు మధ్య జరిగినవి మిగతా వయసుల కంటే ఎక్కువగా గుర్తుంటాయి. మార్టిన్ కాన్వే బృందం 2005లో జపాన్, చైనా, బంగ్లాదేశ్, ఇంగ్లాండ్, అమెరికా వాసులను పోల్చింది. అయిదు దేశాల్లోనూ ఈ మూపురం కనిపించింది. చదువు, ఉద్యోగం, ప్రేమ, పెళ్లి వంటి తొలి అనుభవాలు ఆ వయసులోనే రావడం, ‘నేను ఫలానా’ అనే భావన అప్పుడే రూపుకట్టడం ఇందుకు కారణాలుగా చెబుతారు.

1973లో ఇరవై, పాతికేళ్ల వయసున్న జపాన్ యువతకు ఈ పాట సరిగ్గా మూపురం మీద పడింది. వరసగా స్నేహితుల పెళ్లిళ్లు జరిగే వయసు అది. తర్వాతి తరానికి అలాంటి పాట మరొకటి వచ్చింది. కిమురా కాయెలా తన స్నేహితురాలి పెళ్లి కోసం రాసి 2009లో విడుదల చేసిన ‘బటర్‌ఫ్లై’ ఇప్పటి జపాన్ పెళ్లి విందుల్లో బాగా వినిపించే పాటల్లో ఒకటి. తల్లికి అక్షింతల పురుగు, కూతురికి సీతాకోకచిలుక.

అలాగని తల్లి పాట కూతురికి పరాయిది కానక్కర్లేదు. కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన కరోల్ క్రంహాన్సల్, ఆమె సహ పరిశోధకుడు జస్టిన్ జుప్నిక్ 2013లో అమెరికా కాలేజీ విద్యార్థులకు 1955 నుంచి 2009 వరకు వచ్చిన ప్రసిద్ధ గీతాలు వినిపించారు. తమ కాలపు పాటలతో ముడి బలంగా ఉండటం ఊహించిందే. దాంతో పాటు వారి తల్లిదండ్రులు యువకులుగా ఉన్న కాలపు పాటల దగ్గరా మరో మూపురం లేచింది. ఇంట్లో అమ్మానాన్నలు పెట్టుకుని విన్న పాటలు పిల్లల జ్ఞాపకాల్లోకీ దిగాయని పరిశోధకులు అభిప్రాయపడ్డారు.

హుషారు పాటకు కళ్లు చెమర్చడం

పాట సంతోషకరమైనది. జ్ఞాపకమూ సంతోషకరమైనదే. అయినా విన్నవారి కళ్లలో నీళ్లు తిరగడం మనం చూస్తాం. జపాన్ భాషలో దీనికి ‘నత్సుకషీ’ అనే చక్కని మాట ఉంది. గడిచిపోయినదాని మీద ప్రేమ, అది మళ్లీ ఎదురైన ఆనందం రెండూ ఆ మాటలో ఉంటాయి.

జపాన్ పరిశోధకులు 2016లో ప్రచురించిన అధ్యయనంలో, చిన్ననాటిని గుర్తుచేసే చిత్రాలు చూపించి మెదడును స్కాన్ చేశారు. ఈ భావం కలిగినప్పుడు జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోకాంపస్‌తో పాటు, ఇష్టమైనది దొరికినప్పుడు స్పందించే రివార్డు వ్యవస్థ కూడా పనిచేసింది. అంటే గతాన్ని తలుచుకోవడమే మెదడుకు ఒక బహుమతి లాంటిది. కన్నీళ్లు ఎందుకంటే, పాట అదే, వేగం అదే, వింటున్న మనిషి మాత్రం అదే మనిషి కాదు. నాడు పక్కన కూర్చున్నవారిలో కొందరు ఇప్పుడు లేరు. పాటలో ఏ మార్పూ లేకపోవడం వల్ల మనలో వచ్చిన మార్పు మరింత స్పష్టంగా తెలుస్తుంది.

లయకూ ఇందులో వాటా ఉంది. తాళం వినిపించినప్పుడు మనం కదలకపోయినా మెదడులో కదలికలకు సంబంధించిన భాగాలు చురుగ్గా ఉంటాయని స్కానింగ్ అధ్యయనాలు చూపించాయి. సాంబా లాంటి ఆటపాట వింటే చప్పట్లు కొట్టిన చేతులకూ ఆ రోజు గుర్తొస్తుందనడం పూర్తిగా అతిశయోక్తి కాదు.

తాళంచెవి మిగిలినప్పుడు

ఇదంతా సరదా సంగతిగా ముగించడానికి వీల్లేదు. జపాన్ జనాభాలో దాదాపు 29 శాతం మంది 65 ఏళ్లు దాటినవారు. మతిమరుపు వ్యాధులున్న వృద్ధులతో పాత వస్తువులు, ఫొటోలు, పాటల సాయంతో గతాన్ని మాట్లాడించే పద్ధతిని అక్కడి సంరక్షణ కేంద్రాల్లో ‘కైసోహో’ పేరుతో పాటిస్తున్నారు. అక్షింతల పురుగుల సాంబాతో పెళ్లి చేసుకున్న తరం ఇప్పుడు ఆ వయసులో ఉంది.

జర్మనీలోని లైప్‌జిగ్ మాక్స్ ప్లాంక్ సంస్థ పరిశోధకులు 2015లో ఒక ముఖ్యమైన విషయం గమనించారు. చిరకాలంగా తెలిసిన పాటలను గుర్తుపట్టే మెదడు భాగాల్లో, అల్జీమర్స్ వ్యాధి వల్ల జరిగే కణజాల నష్టం మిగతా భాగాలతో పోలిస్తే చాలా తక్కువగా ఉంది. మనవడి పేరు మరిచిపోయిన తాతయ్య పాత పాటను చరణాలతో సహా పాడటం వెనక ఉన్న కారణాల్లో ఇదొకటి కావచ్చు.

అయితే ఇక్కడ జాగ్రత్తగా మాట్లాడాలి. పాట గుర్తుండటం అంటే ఆ పాట తెరిచే రోజు కూడా భద్రంగా ఉందని కాదు. తాళంచెవి చేతిలో ఉన్నా తాళం తుప్పు పట్టి ఉండొచ్చు. సంగీతం అల్జీమర్స్‌ను నయం చేయదు. ఆందోళన తగ్గించడానికి, కాసేపు మాటలు కలపడానికి, ‘నేను ఫలానా’ అనే భావనను కొంతసేపు నిలబెట్టడానికి అది తోడ్పడవచ్చు. అలాగే ప్రతి పెళ్లిపాటా ఆనందాన్నే తెస్తుందన్న హామీ లేదు. జీవిత భాగస్వామిని కోల్పోయినవారికి అది బాధ కలిగించవచ్చు. వినిపించేవారు ముఖం చూస్తూ వినిపించాలి, ఇబ్బంది కనిపిస్తే ఆపేయాలి.

మన దేశానికీ ఇది దూరపు విషయం కాదు. 2023లో ప్రచురితమైన జాతీయ అధ్యయనం అంచనా ప్రకారం భారత్‌లో 60 ఏళ్లు దాటినవారిలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉంది. వారిని చూసుకునే బాధ్యత ఎక్కువగా ఇంట్లోవారిదే. అలాంటి ఇళ్లలో ‘పాత పాటలు’ అని పేరు పెట్టి అమ్మే ఏదో ఒక సంకలనం వినిపించడం మామూలే. సంకేతంపై అధికభారం సూత్రం గుర్తుంటే, ఇంతకంటే మంచి దారి కనిపిస్తుంది. అందరికీ తెలిసిన పాట అందరి పెళ్లినీ గుర్తుచేస్తుంది. అమ్మ పెళ్లిని గుర్తుచేసే పాట ఏదో అమ్మకే తెలుసు.

కాబట్టి అడగాల్సిన సమయం ఆమె చెప్పగలిగినప్పుడే. పెళ్లిలో ఏ పాట మోగింది, ఎవరు పాడారు, ఎక్కడ తప్పారు, నాన్న దాన్ని తర్వాత ఎప్పుడు కూనిరాగం తీశాడు, ఇలాంటివి పది ప్రశ్నలు చాలు. పాట పేరు పక్కన ఆ కబురు కూడా రాసిపెట్టుకోవాలి, ఎందుకంటే ఒకనాటికి పాట ఆమెకు గుర్తుండి కబురు మరిచిపోతే, దాన్ని తిరిగి చెప్పాల్సింది మనమే. ఆ జాబితాను రోజూ మోగించి అరగదీయకపోవడం కూడా మంచిదే. తక్కువసార్లు వాడిన తాళంచెవే ఒక తాళానికి కట్టుబడి ఉంటుంది.